అదనూ పదునూ: కృష్ణా–గోదావరి డెల్టాలో ఆకు నిల్వ చరిత్ర – చుట్ట, తేమపెట్టె, తాళపత్రం

వ్యాససంగ్రహం

చుట్టలు ఎండిపోకుండా, బూజు పట్టకుండా ఇంట్లో దాచుకునే మూతపెట్టెను పాశ్చాత్యులు హ్యూమిడార్ అంటారు. ‘లంక చుట్ట’ పేరిట 19వ శతాబ్దిలో ఇంగ్లండు దాకా ప్రసిద్ధి పొందిన సరుకు పుట్టిన తెలుగు డెల్టాలో ఇటువంటి పెట్టె గృహోపకరణంగా ఎందుకు స్థిరపడలేదన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. డెల్టా కుటుంబం ప్రధానంగా దాచినది ఆకును. చుట్టను అవసరమైనప్పుడు చుట్టుకునేవారు. అందువల్ల తేమ నిర్వహణ పెట్టెలో కాక చేతిలో, ‘పదును’ అనే మాటలో నిలిచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కూచిపూడి వంటి విద్యాగ్రామాల తాళపత్ర సంరక్షణతో పోల్చి, ఈ పరిజ్ఞానాన్ని వృత్తిపదాల రూపంలో నమోదు చేయవలసిన అవసరాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: లంక పొగాకు, చుట్ట, పదును, హ్యూమిడార్, తాళపత్రాలు, కూచిపూడి, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి నదుల దిగువ ప్రాంతంలో మూడు ఆకులు చాలాకాలం ఇంటి వస్తువులుగా ఉన్నాయి: తమలపాకు, తాటాకు, పొగాకు. మొదటిది పచ్చిగా ఉండాలి. రెండవది ఎండి, పదిలంగా ఉండాలి. మూడవది ఎండినా మెత్తగా ఉండాలి. ఈ మూడింటినీ ఒకే ఇంట్లో, ఒకే గాలిలో కాపాడటం గృహిణులకూ, రైతులకూ, పండితులకూ నిత్యకృత్యమే. అయినా చరిత్ర రచనలో దీనికి దక్కిన చోటు స్వల్పం.

ఇందుకు కారణం మన ఆధారాల స్వభావంలోనే ఉంది. హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా వివరణ (1878), గోర్డన్ మెకంజీ కృష్ణా జిల్లా మాన్యువల్ (1883) వంటి గ్రంథాలు పరిపాలన అవసరాల కోసం రూపొందినవి. భూమి శిస్తు, సాగు, నీటిపారుదల, వాణిజ్యం వాటి ప్రధాన విషయాలు. పంట కళ్లం దాటి ఇల్లు చేరిన తరువాత దానికేమైందన్నది ఆ దృష్టికి అంతగా ఆనదు. ఆ లోటును పూరించడానికి భాష కొంత తోడ్పడుతుంది. ఈ వ్యాసం పదచరిత్రను, వృత్తి విజ్ఞానాన్ని, వాతావరణ పరిస్థితులను కలిపి పరిశీలిస్తుంది.

2. పేరులో నిలిచిన చరిత్ర

పొగాకు అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా అది దక్కనుకు చేరింది. బీజాపూరులో దొరికిన పొగాకును అసద్ బేగ్ అక్బరు ఆస్థానానికి తీసుకువెళ్లిన వృత్తాంతం 17వ శతాబ్ది ఆరంభానిది. 1617లో జహంగీరు దానిని నిషేధించాడు. ఉత్తరాది భాషలు ‘తంబాకు’ అనే విదేశీ శబ్దాన్ని స్వీకరించగా, తెలుగు ‘పొగ’, ‘ఆకు’ అనే రెండు దేశ్యపదాలను కలిపి కొత్త పేరు పెట్టుకుంది. తమిళంలోని ‘పుగైయిలై’, కన్నడంలోని ‘హొగెసొప్పు’ కూడా ఇదే పద్ధతిలో ఏర్పడ్డాయి. వస్తువు పరాయిదైనా దాని వాడుకను చూసి పెట్టుకున్న పేర్లు ఇవి.

‘చుట్ట’ శబ్దం ‘చుట్టు’ క్రియ నుంచి పుట్టింది. ఇంగ్లీషులోని ‘చెరూట్’ తమిళ ‘శురుట్టు’ నుంచి వచ్చిందని యూల్, బర్నెల్ కూర్చిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు (1886) పేర్కొంది. ఆ ఇంగ్లీషు మాటకు 1669 నాటి ప్రయోగం ఉంది. అంతకు ముందే, మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తకస్థానంలో పనిచేసిన విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్యాన్ని గురించి రాసిన వృత్తాంతం (1626) ఈ తీరపు జనం గొట్టం లేకుండా ఆకునే చుట్టి, ఒక కొన వెలిగించి, రెండో కొనతో పీల్చే పద్ధతిని వర్ణించింది. అంటే పొగాకు దేశానికి పరిచయమైన కొద్ది దశాబ్దాలకే కృష్ణా తీరంలో చుట్ట వాడుకలోకి వచ్చింది.

ఈ వర్ణనలో గమనించదగిన అంశం ఒకటుంది. ఇక్కడ చుట్ట కొనుక్కొని దాచుకున్న వస్తువు కాదు; ఆకును చేతిలోకి తీసుకొని అప్పటికప్పుడు చుట్టుకున్నది. నిల్వ చరిత్రకు ఈ భేదమే కీలకం.

3. లంక నుంచి లండను దాకా

నదీగర్భంలో ఒండ్రుమట్టితో ఏర్పడిన దిబ్బలను తెలుగువారు లంకలు అంటారు. ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852), బెజవాడ ఆనకట్ట (1852–1855) పూర్తయిన తరువాత డెల్టా మాగాణి వరికి అంకితమైంది. వరదనీటికి మునిగి తేలే లంకలు మాత్రం వేరే పంటలకు మిగిలాయి. వరద తీసిన తరువాత కొత్త ఒండ్రు మీద నాటే పొగాకు వాటిలో ముఖ్యమైనది. గోదావరి లంకల ఆకు ఘాటుకు పేరుపొందింది.

హాబ్సన్–జాబ్సన్ దక్షిణాదిలో చుట్టల తయారీకి రెండు ప్రధాన స్థానాలను చెప్పింది. ఒకటి తిరుచిరాపల్లి, రెండవది గోదావరి డెల్టా. మొదటి చోటి సరుకును ‘ట్రిచీ’ అనీ, రెండవ చోటి సరుకును ‘లంక’ అనీ పిలిచేవారు. ఆర్థర్ కానన్ డాయల్ ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ (1890)లో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదలను గుర్తుపట్టే విద్యను వివరిస్తూ ఉదాహరణగా చెప్పిన చుట్టలలో భారతీయ ‘లంక’ కూడా ఉంది. ఒక తెలుగు భౌగోళిక పదం ఇంగ్లీషు అపరాధక నవలలో సరుకు పేరుగా చేరిందంటే, ఆ చుట్టకు అక్కడి పాఠకులలో ఎంతో కొంత పరిచయం ఉండి ఉండాలి.

ఇదే ఆకు బంగాళాఖాతం దాటి బర్మాకు కూడా చేరింది. అక్కడి చుట్టల తయారీలో గోదావరి తీరపు ఆకు వాడేవారు. కోరంగి, కాకినాడ రేవుల నుంచి కూలికి వెళ్లిన తెలుగువారి ప్రయాణమూ ఆ దారినే సాగింది. ఇంగ్లండుకు వెళ్లినది చుట్ట. బర్మాకు వెళ్లినది ప్రధానంగా ఆకు. చుట్టి పంపిన సరుకు నెలల తరబడి ఓడలో, ఆపైన చలిదేశపు ఇంట్లో నిలవాలి. కుంపటి వేడికి గాలి పొడిబారే ఆ ఇంట్లో చుట్ట పెళుసెక్కి పగులుతుంది. పొగ తాగేవాడు ఆకు పండే నేలకు దూరమైనప్పుడే తేమను లోపల బంధించే పెట్టె అవసరమైంది. లంకల పక్కన ఉన్నవాడికి ఆ అవసరం అంతగా కలగలేదు.

4. పదును: చేతిలో ఉన్న కొలత

పొగాకుకు గాలిలోని తేమను పీల్చుకునే, వదిలే గుణం ఎక్కువ. ఆరిన ఆకు మధ్యాహ్నం ముట్టుకుంటే పొడి అవుతుంది. అదే ఆకు మంచు పడిన తెల్లవారుజామున బట్టలా మడతపడుతుంది. అందుకే ఎండిన తోరణాలను దించడం, ఆకు కట్టలు కట్టడం వంటి పనులకు రైతులు వేకువనే ఎంచుకుంటారు. ఆకు ఇలా మెత్తబడిన స్థితిని ‘పదునుకు రావడం’ అంటారు.

నిఘంటువులు ‘పదను’, ‘పదును’ రూపాలకు తడి, వాడి, తగిన స్థితి అనే అర్థాలను ఇస్తాయి. దుక్కికి అనువైన నేల తడి పదును. కత్తి అంచుకు కమ్మరి పెట్టేది పదును. చుట్టడానికి వీలైన ఆకు మెత్తదనమూ పదునే. ‘అదనూ పదనూ చూసి’ అనే జంటపదం కాలాన్ని, స్థితిని కలిపి చెబుతుంది. పొగాకు విషయంలో ఈ రెండూ విడదీయరానివి. అదను తెల్లవారుజాము, పదును ఆ వేళకు ఆకు పొందే మెత్తదనం. పొద్దెక్కితే రెండూ పోతాయి.

ఈ కొలతకు సాధనం చేయి. పిడికిట పట్టి వదిలిన ఆకు విరగకుండా మెల్లగా విచ్చుకుంటే పదును కుదిరినట్లు. గలగలమంటే తక్కువ, వేళ్లకు అంటుకుంటే ఎక్కువ. తడి ఎక్కువైన ఆకును మండె కడితే లోపల వేడెక్కి నల్లబడి కుళ్లుతుంది. తగిన తడితో పేర్చి, వేడిని చూస్తూ తిరగేసి కట్టిన మండెలో ఆకు మాగి, పచ్చివాసన పోయి, రంగు దిద్దుకుంటుంది. చుట్టే ముందు ఆకు మీద నీళ్లు చిలకరించి, కొంతసేపు గుడ్డ కప్పి, ఈనె తీసి, ముక్కలను లోపల పెట్టి, వెడల్పాటి ఆకును పైన చుడతారు. ఆ పూటకు కావలసినవి చుట్టుకొని మిగిలిన ఆకును మళ్లీ కట్టలో పెడతారు. చుట్టిన చుట్ట తలపాగాలోనో, చెవి మీదనో, చూరులోనో ఉండే కాలం గంటలలోనే. దానికి శాశ్వతమైన పెట్టె అక్కరలేదు.

కనుక డెల్టాలో హ్యూమిడార్ లేకపోవడాన్ని వెనుకబాటుతనంగానో, నిర్లక్ష్యంగానో భావించనవసరం లేదు. నిల్వ చేయవలసిన వస్తువు ఇక్కడ వేరు. కట్ట కట్టిన ఆకుకు పైపొరలే కవచంగా పనిచేస్తాయి; లోపలి ఆకు నెమ్మదిగా మాత్రమే తేమను మార్చుకుంటుంది. విడి చుట్టకు ఆ రక్షణ ఉండదు.

5. మూతపెట్టె విద్య, డెల్టా గాలి

హ్యూమిడార్ పనిచేసే తీరును పరిశీలిస్తే రెండు పద్ధతుల మధ్య పోలిక స్పష్టమవుతుంది. మంచి చుట్టకు గాలిలో సాపేక్ష తేమ సుమారు 65 నుంచి 72 శాతం ఉండాలని సాధారణ నియమం. పెట్టె లోపలి పలకకు స్పానిష్ సెడార్ అనే కర్ర వాడతారు. పేరుకు సెడార్ అయినా వృక్షశాస్త్రం ప్రకారం అది వేప కుటుంబానికి చెందినది. అదే కుటుంబంలోని తూన్ కర్రను మన దేశంలో చుట్టల పెట్టెలకు వాడారు. ఈ కర్రలు తేమను పీల్చి నెమ్మదిగా వదులుతాయి. వాటి వాసన పొగాకుకు ఇబ్బంది కలిగించదు.

కొత్త పెట్టెలో నేరుగా చుట్టలు పెడితే పొడి కర్ర వాటి తేమను లాగేస్తుంది. అందుకే ముందుగా శుద్ధజలం పోసిన చిన్న గిన్నెను లోపల ఉంచి, మూత వేసి, కొన్ని రోజుల పాటు కర్రకు తేమ పట్టనిస్తారు. కొళాయి నీటిలోని లవణాలు మరకలుగా మిగులుతాయి కనుక దానిని వాడరు. మూత బిగువును పరీక్షించడానికి అంచున కాగితపు ముక్క ఉంచి మూసి లాగి చూస్తారు. సులువుగా జారి వస్తే అక్కడ సందు ఉన్నట్లు. చీకటి గదిలో పెట్టె లోపల చిన్న దీపం ఉంచినా సందులు వెలుగుగీతలై కనిపిస్తాయి. అటువంటి చోట పలుచని పట్టీ అంటించి బిగిస్తారు.

లోపల ఉంచే తేమమాపకం సరిగా చూపుతోందో లేదో తెలుసుకోవడానికి ఉప్పు పరీక్ష ప్రసిద్ధం. శుద్ధమైన ఉప్పును కొద్ది నీటితో ముద్దగా తడిపి, మాపకంతో పాటు గాలి చొరని డబ్బాలో ఉంచితే లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. ఈ భౌతిక సూత్రం తెలుగు వంటింటికి కొత్తది కాదు. వానాకాలంలో ఉప్పుజాడీ చెమర్చడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు ఉప్పు కరగడం మొదలవుతుంది. కళ్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కనుక అది ఇంకా ముందే తడుస్తుంది. ఉప్పుజాడీని ఇంటి తేమమాపకంగా పరిగణించడం అతిశయోక్తి కాదు.

చలిదేశపు సూత్రాన్ని యథాతథంగా డెల్టాకు అన్వయించడం కుదరదు. విజయవాడ, మచిలీపట్నం ప్రాంతంలో వానాకాలపు ఉదయాల్లో గాలి తేమ 80 శాతం దాటడం సాధారణం. అప్పుడు తేమ లోపలి నుంచి బయటికి కాక బయటి నుంచి లోపలికి వస్తుంది. మూత బిగువు ఇక్కడ తడి చొరకుండా చూడాలి. లోపల నీటిగిన్నె ఉంచితే బూజుకు దారితీస్తుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పడమటి వడగాడ్పు వీచే మధ్యాహ్నాలలో పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడే నీరు అవసరం. సంవత్సరంలో రెండు వ్యతిరేక విధానాలను పాటించవలసిన పెట్టె ఇది.

తేమతో పాటు వేడి కూడా సమస్యే. పొగాకు పురుగు (లాసియోడెర్మా సెర్రికోర్నే) గుడ్లు సుమారు 25 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో చురుకుగా పొదుగుతాయి. డెల్టాలో ఏడాదిలో అధికభాగం ఆ వేడి ఉంటుంది. చల్లని దేశాల్లో అప్పుడప్పుడు కలిగే ఈ బెడద ఇక్కడ నిత్యం. ఇప్పుడు సరుకును కొన్ని రోజులు గడ్డకట్టే చలిలో ఉంచి పురుగును చంపుతున్నారు. ఆ సౌకర్యం లేని రోజుల్లో విడి చుట్టలను ఎక్కువకాలం దాచకపోవడమే వివేకం. ఇంటి ఆచారం ఆ వివేకానికి అనుగుణంగానే ఉంది.

6. కూచిపూడి పెట్టె: తాటాకు పదును

మొవ్వ మండలంలోని కూచిపూడి ఆకు నిల్వను మరొక కోణం నుంచి చూపుతుంది. భాగవతుల గ్రామంగా దాని చరిత్రను చెప్పేటప్పుడు పరిశోధకులు తరచుగా ఆధారపడేవి రెండు: 1502 నాటి సంఘటనను చెప్పే మాచుపల్లి కైఫియత్తు, 1763 నాటి ఆస్తి పంపకాల పత్రం. కాలిన్ మెకంజీ సేకరణలో భాగం కావడం వల్ల మొదటిది మిగిలింది. ఒక కళారూపపు చరిత్ర ఇంత కొద్ది పత్రాల మీద నిలిచి ఉన్నదంటే, నిల్వ అనేది సాహిత్య చరిత్రకు అనుబంధ విషయం మాత్రమే కాదని తెలుస్తుంది. యక్షగాన, కలాప పాఠాలు కాగితానికి ఎక్కక ముందు తెలుగునేల మీద గ్రంథాలకు తాటాకే ఆధారం.

తాళపత్రాలను రెండు కర్ర పలకల మధ్య పేర్చి, తాడు వేసి బిగించి, గుడ్డలో చుట్టి పెట్టెలోనో అటక మీదనో ఉంచేవారు. బిగించి కట్టడం వల్ల ఆకులు వంకర పోవు. మధ్య ఆకులకు తేమ సోకదు. నూనె రాయడం వల్ల పెళుసుదనం తగ్గుతుంది. వస కొమ్ము, వేపాకు, కర్పూరం, ఎండు పొగాకు వంటివి పురుగుల నివారణకు గ్రంథాల మధ్య ఉంచడం పాత పద్ధతి. ఇందులో ఒక వైరుధ్యం ఉంది. పొగాకులోని నికోటిన్ అనేక కీటకాలను దూరం చేసినా, పైన చెప్పిన పొగాకు పురుగుకు అదే ఆహారం. ఆ పురుగు ఎండుమిరప వంటి దినుసులనూ, పుస్తకాల బైండింగు జిగురునూ కూడా తింటుంది. గ్రంథానికి కాపలాగా పెట్టిన ఆకు గ్రంథశత్రువుకు ఆశ్రయం కూడా కాగలదు.

గ్రంథాలకు సాధారణంగా 50–60 శాతం తేమ తగినదని సంరక్షకులు భావిస్తారు. 70 శాతం వద్ద బూజుకు వీలు ఏర్పడుతుంది. చుట్టకు మేలు చేసే గాలి తాళపత్రానికి కీడు చేస్తుంది. ఒకే ఇంట్లో రెండు ఆకులకు రెండు పదునులు కావలసి వచ్చాయి. వాటి నిల్వ పద్ధతుల్లో ఉమ్మడిగా కనిపించేది విడతలవారీ శ్రద్ధ. శరన్నవరాత్రులలో సరస్వతీపూజకు గ్రంథాలను వెలికితీసి, తుడిచి, పూజలో ఉంచే ఆచారం వానలు వెనుకబట్టే కాలంలో వస్తుంది. దాని ఉద్దేశం ధార్మికమే అయినా, ఏడాదికొకసారి పెట్టె తెరుచుకొని గాలి సోకడం, పురుగు కంటపడటం దాని ఫలితాలు. ఇల్లు వదిలి వెళ్లిన కుటుంబపు పెట్టెకు ఆ అవకాశం ఉండదు. ఎవరూ తెరవని పెట్టెలో గ్రంథం ఎంత భద్రంగా మూసి ఉన్నా ఆ మూత దానిని రక్షించలేదు.

7. చేతి నుంచి యంత్రానికి, ఇంటి నుంచి ఆసుపత్రికి

1920లలో గుంటూరు ప్రాంతంలో వర్జీనియా పొగాకు స్థిరపడింది. 1928లో పొగగొట్టాల బ్యారన్‌లో ఆకు కాల్చడం మొదలైంది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వచ్చింది. సిగరెట్టుకు కావలసిన ఆకు చుట్ట ఆకును వెనక్కి నెట్టింది. బ్యారన్‌లో వేడిని, తేమను ఉష్ణమాపకాలు కొలుస్తాయి. అయినా కాల్చడం పూర్తయ్యాక తలుపులు తెరిచి, రాత్రి గాలికి ఆకు మెత్తబడే దాకా ఆగి, తరువాతనే కర్రలు దించుతారు. యంత్రం వచ్చినా అదనూ పదునూ పోలేదు.

ఈ పరిజ్ఞానాన్ని ప్రశంసించేటప్పుడు దాని మూల్యాన్ని మరువరాదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు ఉన్న కొనను నోటిలో ఉంచుకొని తాగే ‘అడ్డపొగ’ అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, ఉండేది. అందుకు వాడేది ఎక్కువగా ఇంట్లో చుట్టుకున్న చుట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను పరీక్షించి పిండ్‌బోర్గ్ బృందం 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ అలవాటు వల్ల అంగిలి మీద ఏర్పడే వికారాలను నమోదు చేసింది. అంగిలి క్యాన్సరుకూ దీనికీ ఉన్న సంబంధం వైద్యశాస్త్రంలో సుపరిచితం. ‘కన్యాశుల్కం’లో గిరీశం చుట్టకు పురాణగౌరవం కల్పించబోవడం మనకు నవ్వు తెప్పిస్తుంది. ఆ నవ్వు వెనుక ఉన్న అలవాటు మాత్రం ఎందరి ప్రాణాలనో తీసింది. ఆకును కాపాడిన నేర్పు శరీరాన్ని కాపాడలేదు. అలవాటు అంతరించడం శ్రేయస్కరం. దానితో పాటు మాటలూ చేతిపని జ్ఞానమూ నమోదు కాకుండా పోతే అది వేరే నష్టం.

8. ముగింపు

పై చర్చ నుంచి మూడు అంశాలు తేలుతాయి. ఒకటి, డెల్టాలో చుట్టల పెట్టె గృహోపకరణం కాకపోవడానికి ప్రధాన కారణం ఆకును నిల్వచేసి, చుట్టను అప్పటికప్పుడు చుట్టుకోవడం. రెండు, తేమను శాతాలలో కొలిచే హ్యూమిడార్ చేసే పనినే చేతితో, వేళతో, ‘పదును’ అనే భావనతో ఇక్కడివారు సాధించారు. మూడు, తాళపత్రమైనా పొగాకైనా నిల్వ అనేది ఒకసారి మూసి ముగించే పని కాదు. ఋతువును బట్టి పద్ధతి మార్చుకుంటూ చేయవలసిన పని.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయాన్ని (1962), రెండవ సంపుటం చేనేతను (1971) స్వీకరించింది. అదే పద్ధతిలో లంక గ్రామాల రైతుల నుంచి, చుట్టలు చుట్టిన వృద్ధుల నుంచి, తాళపత్రాలను తరతరాలుగా దాచిన కుటుంబాల నుంచి ఆకు నిల్వకు సంబంధించిన పదాలను సేకరించడం తక్షణ కర్తవ్యం. పదంతో పాటు దాని వెనుక ఉన్న పరీక్షను కూడా రాసుకోవాలి: ఏ వేళలో, ఏ ఋతువులో, చేతికి ఎలా తగిలితే ఆ మాట వాడేవారో నమోదు కావాలి. నిఘంటువులో ‘తడి’ అన్న అర్థం మాత్రమే మిగిలితే, పిడికిట్లో ఆకు విచ్చుకున్న తీరు తరువాతి పరిశోధకులకు అందదు.